మా పెద్దమ్మా, సెనేటరమ్మా, నా గ్రీన్‌కార్డూ

సంపాదకులు గారికి నమస్కారం.

గజాలా హాష్మీ గారు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా (గవర్నర్ తర్వాతి పదవి) గెలిచినప్పటి నుంచీ మన పేపర్లలో హైదరాబాద్ ఆడపడుచు అని పెద్ద పెద్ద హెడ్డింగులు చూస్తున్నా, సంతోషమే, కానీ ఆవిడ కథ మొదలైన 2019 ఎలక్షన్ దగ్గరకొచ్చేసరికి "సెనేటర్‌గా గెలిచారు" అని ఒక్క ముక్కలో దాటేస్తున్నారు. ఆ ముక్కతోనే నాకు తంటా వచ్చింది. ఖమ్మం నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసి "ఏరా, ఆ సెనేటరమ్మ మన హైదరాబాద్ పిల్లేనంటగా, నీ గ్రీన్‌కార్డు సంగతి ఆమె చెవిన వెయ్యరాదూ" అంది. ఆమె చేతిలో లేదు పెద్దమ్మా అంటే నమ్మదే, పేపర్లో వేశారుగా అంటది.

గ్రీన్‌కార్డుల చట్టాలు తేలేది వాషింగ్టన్‌లోని కాంగ్రెస్‌లో అండీ, అక్కడా ఒక సెనేట్ ఉంది. ఈవిడ గెలిచింది వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో కూర్చునే స్టేట్ సెనేట్. 40 సీట్లు, మన తెలంగాణ మండలికీ అన్నే, కాకపోతే ఇక్కడ టీచర్ల కోటా, గవర్నర్ కోటా లాంటివి లేవు, నాలుగేళ్ళకోసారి నేరుగా జనమే ఓటేస్తారు. స్కూళ్ళు, రోడ్లు, తుపాకుల చట్టాలు అక్కడే తేలతాయి.

2019 మేలో వర్జీనియా బీచ్‌లో ఒకడు 12 మందిని కాల్చి చంపాడు, జులైలో తుపాకుల మీద స్పెషల్ సెషన్ పెడితే రిపబ్లికన్లు గంటన్నరలో వాయిదా వేసి వెళ్ళిపోయారు. ఆ కోపం నవంబర్ దాకా చల్లారలేదు. 10వ డిస్ట్రిక్ట్‌లో (మన నియోజకవర్గం లాంటిది) రిపబ్లికన్ సిట్టింగ్ సెనేటర్ గ్లెన్ స్టర్టెవాంట్, ఆయన్నీ తీసిపారెయ్యలేం, ఆడవాళ్ళ సమాన హక్కుల సవరణకి తీర్మానం పెట్టినాయన, అయినా అంతకు ముందు ఏ పదవీ చెయ్యని కాలేజీ లెక్చరర్ హాష్మీ గారి చేతిలో ఓడిపోయాడు. ఆమెకి దాదాపు 54 శాతం ఓట్లు. సెనేట్ 21-19తో డెమోక్రాట్లకి వచ్చింది, తర్వాతి ఏడాదే తుపాకుల అమ్మకాలన్నిటికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి పాత నేరాల తనిఖీ) చట్టం పాసైంది.

ఆ ఎలక్షన్ రోజు మంగళవారం. నాకు ఓటు లేదు, మా బావకి ఉంది, "ప్రెసిడెంట్ లేని ఎలక్షన్‌కి ఎవడెళ్తాడ్రా" అని సోఫా దిగడే. కార్లో కూలేసి స్కూల్ జిమ్‌కి తీసుకెళ్తే బయట రెండు పార్టీల వాళ్ళూ శాంపిల్ బ్యాలెట్లు చేతిలో పెట్టారు, పది నిమిషాల్లో జాకెట్‌కి స్టిక్కర్ అంటించుకుని బయటకొచ్చి, ఇంతేనా అన్నాడు.

అన్నట్టు ఆ స్టర్టెవాంట్ ఊరుకోలేదు, 2023లో తన పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) సిట్టింగ్ సెనేటర్ అమండా ఛేజ్‌ని ఓడించి వేరే డిస్ట్రిక్ట్ నుంచి మళ్ళీ సెనేట్‌కి వచ్చాడు. ఇక్కడ సెనేట్‌ని నడిపేది లెఫ్టినెంట్ గవర్నరే. అంటే ఇప్పుడు పైన కుర్చీలో ఆవిడ, కింద సీట్లో ఈయన. ఇంత మసాలా వదిలేసి పుట్టిన ఊరొక్కటే పట్టుకుంటారేంటండీ?

ఈసారి వేసేటప్పుడు సెనేట్ ముందు "రాష్ట్ర" అని ఒక్క మాట చేర్చండి చాలు, మా పెద్దమ్మకి చూపిస్తా.

ఇట్లు,
ఒక పాఠకుడు, రిచ్‌మండ్, వర్జీనియా