ఆఫ్రికా దేశం మలావీ సైన్స్, టెక్నాలజీ జాతీయ కమిషన్ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

నమస్కారం.

మలావీలో ఆరోగ్య పరిశోధనైనా, సామాజిక సర్వేయినా ముందు ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) ఒప్పుకోవాలి. మంచి పద్ధతే. నా విన్నపం ఆమోదం తర్వాతి సంగతి.

ఆమోదించిన ప్రాజెక్టుల జాబితాలో శీర్షిక, పరిశోధకుడి పేరు ఉంటే సరిపోదండీ. ఏ ఊళ్లలో చేస్తున్నారు, రక్తం తీస్తారా, ఆ నమూనాలు దేశం దాటతాయా, డబ్బెవరిది? ఇవన్నీ అక్కడి జనం మాట్లాడే చిచేవా భాషలోనో, చితుంబుకా భాషలోనో నాలుగు ముక్కల్లో రాసి హెల్త్ సెంటర్ గోడకు అంటించాలి. 2017లో ములాంజే, ఫలోంబే వైపు రక్తం పీల్చేవాళ్లు తిరుగుతున్నారని పుకారు లేచి, మూకలు మనుషుల్ని కొట్టి చంపాయి. అలాంటిచోట ముక్కూమొహం తెలియనివాళ్లు సిరంజితో గడప తొక్కితే టెన్షన్ పుట్టదా? మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలికే.

ఎక్కడో ఉన్న తెలుగువాడికి ఇదంతా ఎందుకంటారా? 2009లో మా ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) ప్రాజెక్టు జరిగింది. హాస్టల్లో ఉండే గిరిజన బాలికల్లో చాలామందికి అమ్మానాన్నల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టేశారు. కాగితం మీద అనుమతి ఉంది, ఇంట్లోవాళ్లకు కబురు లేదు.

2019 ఏప్రిల్‌లో మలేరియా టీకాను ప్రయోగాత్మకంగా వేసే పైలట్ కార్యక్రమం అన్ని దేశాలకన్నా ముందు మీ దగ్గరే మొదలైంది. బిడ్డల్ని చంకనెత్తుకొచ్చిన ఆ తల్లుల వల్లే కదా ప్రపంచానికి లెక్కలు దొరికాయి! ఏ పరిశోధనైనా సరే, ఫలితాలు ఆ ఊరికే వెళ్లి చెప్పాలన్న షరతు ఆమోదపత్రంలోనే పెట్టండి. చెప్పనివాళ్ల తర్వాతి దరఖాస్తు పక్కన పెట్టండి.

ఇట్లు,
ఒక తెలుగు పాఠకుడు