వార్షిక నివేదిక 2024-25: ఇంట్లో ఒక్కరే ఉంటున్న పెద్దలు, ఎమర్జెన్సీ బటన్లు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది రెండు వీధుల్లో రోడ్డు గుంతలు పూడ్చారు, పార్కు గేటుకు రంగు పడింది. వినాయక చవితి జమాఖర్చులు నోటీసు బోర్డు మీద అప్పుడే పెట్టేశాం, మళ్లీ రాయడం లేదు. కార్యవర్గం ఎక్కువ కాలం కూర్చున్నది ఒక్క పని మీదే. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, ఇక్కడ ఒక్కరే ఉంటున్న మన పెద్దలకు ఎలాంటి ఎమర్జెన్సీ బటన్ పెట్టించాలి అన్నది ఆ పని.

దీనికి కారణం జూలైలో జరిగిన సంగతి. మూడో వీధిలో ఒక పిన్నిగారి గుమ్మం ముందు పొద్దున వేసిన పాల ప్యాకెట్టు పదకొండు దాటినా అక్కడే ఉంది, చీమలు కూడా పట్టాయి. ఎదురింటి అమ్మాయి చూసి తలుపు తట్టింది. లోపలి నుంచి సన్నగా గొంతు వినబడింది. పిన్నిగారు బాత్‌రూంలో జారిపడి అప్పటికి ఐదు గంటలు. ఫోను హాల్లో ఛార్జింగ్‌లో ఉంది. వీధి తలుపుకి లోపల గడియ. కార్పెంటర్‌ని వెతికి తెచ్చి గడియ ఊడదీసేసరికి ఇంకో ముప్పావుగంట. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక ఇప్పుడు వాకర్ పట్టుకుని పార్కు దాకా వస్తున్నారు. "నా సంగతి రాయండి, పేరు మాత్రం వద్దు" అన్నారు.

పడినప్పుడు తగిలే దెబ్బ ఒక ఎత్తు, లేవలేక గంటల తరబడి నేలమీద ఉండిపోవడం ఇంకో ఎత్తు. ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఒకే పక్క ఒత్తుకున్న కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద భారం పడుతుంది. పడకుండా ఆపే బటన్ ఏదీ లేదు, నేలమీద గడిపే ఆ గంటలనే తగ్గించగలం.

దసరా తర్వాత ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో నాలుగు రకాలు తెచ్చి పెట్టి చూశాం. మెడలో వేసుకునే లాకెట్, చేతి వాచీ, మామూలు ఫోను, ఇంకా మన ఎలక్ట్రీషియన్ చెప్పిన వైర్‌లెస్ కాలింగ్ బెల్.

లాకెట్లో సిమ్ ఉంటుంది. బటన్ నొక్కితే ముందే పెట్టుకున్న నంబర్లకు వరసగా కాల్ వెళ్తుంది, అందులోనే మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని మేము తెప్పించిన మొదటిది 2జీ మీద మాత్రమే నడిచే రకం. సంఘం దగ్గరున్న సిమ్ 2జీ మీద పనిచేయని 4జీది. గంటసేపు కుస్తీ పట్టి తిరిగి పంపేశాం. కొనేముందు డబ్బా మీద 4జీ అని ఉందో లేదో చూడండి. జియోకైతే 2జీ అసలు లేదు. ఆ సిమ్‌కు రీఛార్జ్ అయిపోతే బటన్ ఉన్నా లేనట్టే కాబట్టి ఏడాది ప్లాన్ ఒకేసారి వేయించడం మేలు. తడిసినా పనిచేసేదే తీసుకోండి, ఎందుకంటే పడేది ఎక్కువగా బాత్‌రూంలోనే, లాకెట్ తీసి పక్కన పెట్టేదీ అక్కడే.

వాచీల్లో కొన్ని పడిపోవడాన్ని వాటంతట అవే గుర్తుపడతాయి. ఆపిల్ వాచీలో ఈ సదుపాయం 2018లో వచ్చింది. గట్టిగా పడి, సుమారు నిమిషం పాటు కదలిక లేకపోతే ఎమర్జెన్సీ నంబరుకు అదే కాల్ చేస్తుంది. కానీ గోడను ఆనుకుని మెల్లగా జారిపోతే అది పట్టుకోకపోవచ్చు. పైగా రోజూ ఛార్జింగ్ పెట్టాలి, ఐఫోను కూడా కావాలి. డెబ్బై ఎనిమిదేళ్ల మాష్టారు ఒకరు రెండు రోజులు వాడి, "నాయనా, దీనికి నేను సేవ చేస్తున్నాను" అని తిరిగి ఇచ్చేశారు.

ఒక సభ్యురాలి కూతురు అమెరికాలో కొన్న లాకెట్ తెచ్చి ఇచ్చింది. అక్కడ బటన్ నొక్కితే కంపెనీ కాల్ సెంటర్ పలుకుతుంది, వాళ్లు 911కి చెబుతారు. మన 108కి చెప్పే ఏర్పాటు అందులో లేదు. అక్కడి నుంచి తెచ్చే ముందు పిల్లలు ఈ ఒక్క ముక్క కనుక్కోవాలి.

ఫోనులోనూ ఒక ఏర్పాటు ఉంది. 2017 నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో ఎమర్జెన్సీ బటన్ ఉండాలని నిబంధన. కీప్యాడ్ ఫోనులో 5 గాని 9 గాని నొక్కి పట్టుకుంటే 112కి వెళ్తుంది. సరదాకి నొక్కి చూడొద్దు, నిజంగానే వెళ్తుంది.

అన్నిట్లో చవకైనది కాలింగ్ బెల్. బాత్‌రూంలో నేలకు జానెడు ఎత్తులో స్విచ్ అతికించి, బెల్లు పక్కింట్లో పెట్టాం. గోడలు ఎక్కువైతే సిగ్నల్ అందదు. పక్కింటివాళ్లు ఊరెళ్తే అంతే సంగతులు. అయినా ఇప్పటికి ఎక్కువ ఇళ్లలో నడుస్తున్నది ఇదే.

అసలు చిక్కు బటన్ నొక్కాక మొదలైంది. నవంబరులో మొదటి రిహార్సల్ చేశాం. నొక్కగానే కాల్ డాలస్‌లో ఉన్న కొడుక్కి వెళ్లింది. మనకు మధ్యాహ్నం పన్నెండు, అక్కడ అర్ధరాత్రి దాటింది, ఫోను సైలెంట్‌లో ఉంది. రెండో నంబరు మన వాలంటీరుది. తెలియని నంబరని ఆయన స్పామ్ అనుకుని కట్ చేశారు. మూడో ఆయన ఎత్తి పరుగున వెళ్లారు గానీ లోపలికి పోవడానికి తాళంచెవి లేదు. అదృష్టం బాగుండి అది రిహార్సల్!

అప్పటి నుంచి పద్ధతి మార్చాం. మొదటి రెండు నంబర్లూ మన వీధిలోవే, పిల్లలది మూడోది. లాకెట్ నంబరు అందరి ఫోన్లలో పేరుతో సేవ్ చేయించి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా పెట్టించాం. డూప్లికేట్ తాళంచెవులు సీల్ చేసిన కవర్లలో ఇద్దరి దగ్గర ఉంటాయి, కవరు చించితే రిజిస్టరులో రాయాలి. ఒప్పుకున్న ఇళ్లలో లోపలి గడియ తీయించి, బయటి నుంచి చెవితో తెరిచే తాళం వేయించాం. ఫ్రిజ్ తలుపు మీద మందుల చీటీ, కొండగుర్తుతో సహా అడ్రసు అతికించాం. 108 వాళ్లు ముందు అడిగేది కొండగుర్తే. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన సర్వీసు అది, అయినా మన పెద్దల్లో సగం మందికి అడ్రసు చెప్పడం దగ్గరే టెన్షన్. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ల చీటీ మీద ఎర్ర గీత పెట్టాం. వాళ్ల తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ కనబడకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

పెద్దలను ఒప్పించడం వేరే కథ. "నాకేమైంది? నిక్షేపంగా ఉన్నాను" అన్నది అందరూ చెప్పే మొదటి మాట. ఒకావిడ లాకెట్ పోతుందేమోనని దేవుడి గదిలో మేకుకి తగిలించారు. పూజ అయ్యాక దానికీ ఒక పువ్వు పెడుతున్నారు. మెడలో వేసుకోమని మూడుసార్లు చెప్పాం, మళ్లీ చెబుతాం.

పెన్షన్, ఆస్తి గొడవలు, ఒంటరితనం లాంటి వాటికి 14567 ఎల్డర్‌లైన్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. అంబులెన్సుకు మాత్రం అది కాదు.

మిగిలిన పనులు: రెండో వీధి వాలంటీర్లలో ఒకరు ఇల్లు మారారు, ఆ స్థానం ఖాళీగా ఉంది. ముగ్గురు సభ్యులు తాళంచెవి ఇవ్వడానికి ఇంకా ఆలోచిస్తున్నారు, బలవంతం లేదు. రాత్రి పది తర్వాత కాల్ వస్తే వాచ్‌మన్‌ని కూడా చేర్చాలా అన్నది సర్వసభ్య సమావేశంలో తేల్చాలి. రిహార్సల్ ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పదిన్నరకి. ఆ సమయంలో మీ ఫోను మోగితే దయచేసి ఎత్తండి.

కార్యదర్శి,
కాలనీ సంక్షేమ సంఘం