అమీర్‌పేట డీటీపీ సెంటర్లో సాయం చేసిన అన్నకు కృతజ్ఞతలు

అన్నా, మీ పేరు తెలియదు. అమీర్‌పేట డీటీపీ సెంటర్లో కంప్యూటర్‌లో అక్షరాలు పడక, కీబోర్డు పాడైందని మేం అనుకుంటుంటే, పక్క సీటు నుంచి లేచి వచ్చి, కొత్త కీబోర్డు కొనే ఖర్చు తప్పించారు. మీకు చాలా చాలా థ్యాంక్స్.

మీరు ముందు బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరుచుకునే కంప్యూటర్ సెట్టింగ్‌ల తెరలోకి) వెళ్లి యారో కీలు నొక్కించడం సరైన పద్ధతి. అక్కడ కీలు చక్కగా పనిచేసి, విండోస్‌లోకి రాగానే మొరాయిస్తే, లోపం చాలావరకు కీబోర్డుది కాదు, విండోస్‌లోని సెట్టింగ్‌ది లేదా సాఫ్ట్‌వేర్‌ది. విప్పి చూడాల్సిన పనే లేదు.

అసలు కారణం ఫిల్టర్ కీస్, అంటే పొరపాటున పడే చిన్న నొక్కులను పట్టించుకోకుండా వదిలేసే విండోస్ సెట్టింగ్. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు పట్టి ఉంచితే ఒక బాక్స్ వస్తుంది. చదవకుండా యెస్ నొక్కేస్తే అది ఆన్ అయిపోతుంది. ఆ తర్వాత మామూలు వేగంతో కొట్టిన అక్షరాలు పడవు, కీని కాసేపు అదిమిపెడితేనే పడతాయి. ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల కీబోర్డు అమరికలో తెలుగు కొట్టేవాళ్లకు ఈ చిక్కు ఎక్కువ. అ, ఆ, ఇ, ఈ లాంటి అచ్చులు ఎడమ చేతి కీల మీదే ఉంటాయి, వాటికి షిఫ్ట్ కావాలి, కాబట్టి కుడి చిటికెన వేలు దాని మీదే ఉంటుంది. మాట కోసం ఆలోచిస్తూ షిఫ్ట్ వదలకుండా ఆగితే చాలు, ఆ బాక్స్ వచ్చేస్తుంది.

ఆపడానికి కుడి షిఫ్ట్‌నే మళ్లీ 8 సెకన్లు పట్టుకోవాలి. అది శాశ్వత పరిష్కారం కాదని మీరు చెప్పిన మాట అందరికీ పనికొస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్‌లోకి మౌస్‌తో వెళ్లి, ఫిల్టర్ కీస్ పక్కన ఉన్న బాణం గుర్తు తెరిచి, దాని షార్ట్‌కట్‌ను (షిఫ్ట్ పట్టుకుంటే బాక్స్ వచ్చే ఏర్పాటును) కూడా ఆఫ్ చేయాలి. విండోస్ 10లో యాక్సెసిబిలిటీ బదులు ఈజ్ ఆఫ్ యాక్సెస్ అని ఉంటుంది. షిఫ్ట్ 5 సార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ (షిఫ్ట్, కంట్రోల్ లాంటి కీలను పట్టి ఉంచకుండానే వాడుకునే సదుపాయం) షార్ట్‌కట్‌ను కూడా అక్కడే తీసేయించారు, అది మేం అడగనే లేదు.