ఆ మంచుకొండ వాలు దగ్గర ఆగి మాకు ప్రమాదం గురించి చెప్పిన ఇద్దరు గైడ్లకు కృతజ్ఞతలు

పేర్లు రాయొద్దని మీరే అన్నారు కాబట్టి రాయడం లేదు. మా నలుగురి తరఫున మీ ఇద్దరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

ఆ రోజు బులెటిన్‌లో మంచుచరియల ప్రమాద స్థాయి 5కి 3. వినడానికి మధ్యస్థంగానే ఉంటుంది. కానీ 3 అంటే ఒక్క మనిషి బరువుకే చరియ విరిగే అవకాశం ఉందని, స్థాయి ఒక్కో అంకె పెరిగేకొద్దీ ప్రమాదం అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుందని మీరు చెప్పాక మాకు టెన్షన్ మొదలైంది. మంచిదే అయింది!

చెప్పి వదిలేయలేదు, గొయ్యి తవ్వి చూపించారు. గాలి అవతలి వైపు మంచును ఊడ్చుకొచ్చి ఈ వాలు మీద పోసింది. పైన గట్టి పలక, దాని అడుగున చక్కెర పలుకుల్లా ఒకదానికొకటి అంటుకోని పొర. 90 సెంటీమీటర్ల వెడల్పున మంచు దిమ్మ కోసి, ఒక చివర పార పెట్టి తట్టారు. మణికట్టుతో కొట్టిన పది దెబ్బలకూ ఏమీ కాలేదు. మోచేతి నుంచి కొట్టడం మొదలుపెట్టారో లేదో, బలహీన పొర ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తెగి పైపలక జారిపోయింది. నాలాంటివాడికి వంద హెచ్చరికల కన్నా అదే ఎక్కువ.

వాలు కొలిస్తే 36 డిగ్రీలు. పలక చరియలు ఎక్కువగా విరిగేది 30 నుంచి 45 మధ్యనే. 30 లోపు ఉన్న గట్టు మీదుగా మాకు దారి గీసిచ్చారు. కింద చదునుగా ఉన్నా సరే, నిటారు వాలు పాదం దగ్గర నడవొద్దన్నారు. అక్కడి నుంచి కూడా పైన చరియ కదలొచ్చట.

ఆ తర్వాత ట్రాన్సీవర్‌ను (మంచులో పూడిపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే చిన్న పరికరం) మంచులో పాతి మా చేత వెతికించారు. పూడిపోయిన మనిషి బతికే అవకాశం మొదటి పది నిమిషాలు దాటాక వేగంగా పడిపోతుందట, అందుకే గడియారం చూస్తూ చేయించారు. ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ) తగిలాక దాన్ని పీకకుండా, వాలుకు దిగువ వైపు నుంచి లోపలికి తవ్వడం మాకు కొత్త. నేనైతే నెత్తి మీదే తవ్వేవాణ్ణి.

ఆ తవ్వకంలో మావాడి పార పిడి విరిగితే, మీ దగ్గర అదనంగా ఉన్నది ఇచ్చి వెళ్లారు. అది నా దగ్గర భద్రంగా ఉంది. ఈ పోస్టు మీ కంట పడితే, ఎక్కడికి పంపాలో ఒక మెసేజ్ పెట్టండి.