చేర్చుకోకుండానే మూడు రాత్రులు

సంపాదకుడు గారికి,

అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తల్లిదండ్రుల గురించి మీ పత్రికలో తరచు చదువుతుంటాను. ఒంటరితనం, చలి, మనవలతో మాట కలవకపోవడం, అన్నీ నిజమే. ఆసుపత్రి కాగితాల్లో ఉండే ఒక మాట మా ఇంటిని ఎలా కుదిపిందో మాత్రం ఎక్కడా నా కంట పడలేదు. అందుకే ఈ ఉత్తరం.

2025 ఫిబ్రవరిలో మా అమ్మ స్నానాల గదిలో జారిపడింది. ఆమెకు 78 ఏళ్లు. తుంటి దగ్గర ఎముక చిట్లింది కానీ ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఎమర్జెన్సీ నుంచి పై అంతస్తుకు మార్చారు. చేతికి పట్టీ, వెనక ముడులు వేసే గౌను, పూటకో నర్సు, ఉప్పూ కారం లేని భోజనం. మూడు రాత్రులు గడిచాయి. మళ్లీ నడిపించడానికి స్కిల్డ్ నర్సింగ్ కేంద్రానికి పంపుతామని నాలుగో రోజు పొద్దున డాక్టరు చెప్పారు. ఇక్కడి మనవాళ్లు దాన్ని రీహాబ్ అంటారు. కాసేపటికి, రోగుల్ని పంపించే ఏర్పాట్లు చూసే కేస్ మేనేజర్ వచ్చి, దానికి మెడికేర్ (65 దాటినవారికి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు ఇవ్వదని చెప్పింది. అమ్మను అసలు ఆసుపత్రిలో చేర్చుకోలేదట. మూడు రోజులూ ‘అబ్జర్వేషన్’లో, అంటే పరిశీలన కోసం మాత్రమే, ఉంచారట. రికార్డుల ప్రకారం ఆమె ఓపీకి వచ్చిన మనిషి. ఈ సంగతి చెబితే అమ్మ నా మొహంలోకి చూసి, “చేర్చుకోని వాళ్లకు కూడా ఈ చప్పిడి కూడు పెడతారా?” అని అడిగింది.

మెడికేర్‌లో ఆసుపత్రి ఖర్చులు చూసే భాగం పార్ట్ ఏ. దాని కింద రీహాబ్ ఖర్చు రావాలంటే రోగి వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా, అంటే ఆసుపత్రిలో చేర్చుకున్న రోగిగా, ఉండాలి. చేర్చుకున్న రోజు లెక్కలోకి వస్తుంది, పంపించిన రోజు రాదు. మామూలుగా 30 రోజుల్లోపు కేంద్రంలో చేరాలి. నర్సు లేదా థెరపిస్టు సేవ రోజూ అవసరమై ఉండాలి. ఇవన్నీ కుదిరితే అక్కడ మొదటి 20 రోజులకు మనం పైసా కట్టనక్కర్లేదు. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా, 2025 లెక్కన, రోజుకు 209.50 డాలర్లు మన వంతు. స్నానం చేయించడానికి, తినిపించడానికి మాత్రమే మనిషి కావాలంటే ఇవ్వరు. దాని మీద నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ ‘మూడు రోజుల’ మీద. ఈ షరతు 1965లో మెడికేర్ చట్టంతో పాటే పుట్టింది. 2013 నుంచి ఇంకో లెక్క వచ్చింది: వైద్యం రెండు అర్ధరాత్రులు దాటుతుందని డాక్టరు అనుకుంటే రోగిని ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోవచ్చు. మా అమ్మ మూడు అర్ధరాత్రులు దాటింది. అదంతా వైద్యం కోసం కాదు, పంపడానికి చోటు దొరక్క ఉంచామని ఆసుపత్రి వాదన.

అమ్మ ఈ దేశంలో ఉద్యోగం చేయలేదు. తనకు గానీ భర్తకు గానీ ఇక్కడ పదేళ్ల పని రికార్డు లేనివారు, గ్రీన్ కార్డుతో వరసగా ఐదేళ్లు ఉన్నాక, పార్ట్ ఏని కొనుక్కోవాలి. 2025లో అది అమ్మకు నెలకు 518 డాలర్లు. అంత పోసి కొన్న పార్ట్ ఏని ఎవరూ ముట్టుకోలేదు. ఆసుపత్రి బిల్లు, ఓపీ వైద్యం ఖర్చులు చూసే పార్ట్ బీ కింద వెళ్లింది. రీహాబ్‌లో సొంత డబ్బుతో 11 రోజులు ఉంచి, ఇక మా వల్ల కాక ఇంటికి తెచ్చుకున్నాం.

ఇందులో నా తప్పూ ఉంది. అబ్జర్వేషన్ 24 గంటలు దాటితే ఆ సంగతి 36 గంటల్లోపు రాతపూర్వకంగా చెప్పాలని 2015లో చట్టం చేశారు. రెండో రోజు రాత్రి ఆ కాగితం మీద అమ్మ చేత సంతకం పెట్టించింది నేనే. బీమా వాళ్ల కాగితాల్లో ఇదొకటి అనుకున్నాను. అప్పుడే చదివి ఉంటే డాక్టరును నిలదీసేవాణ్ని. అప్పీలు చేయవచ్చు కదా అంటారేమో. ముందు ఇన్‌పేషెంట్‌గా చేర్చుకుని తర్వాత అబ్జర్వేషన్‌కు మార్చినవారికి, ఏళ్ల తరబడి కోర్టు పోరాటం తర్వాత, 2025లో ఆ దారి తెరుచుకుంది. మొదటి నుంచీ అబ్జర్వేషన్‌లోనే పెట్టినవారికి అది మూసే ఉంది.

కోవిడ్ కాలంలో, 2020 మార్చి నుంచి 2023 మే దాకా, ఈ మూడు రోజుల షరతును పక్కన పెట్టారు. మెడికేర్ ఏమీ మూతపడలేదు. అబ్జర్వేషన్ రాత్రులను కూడా లెక్కించాలనే బిల్లును కనెక్టికట్‌కు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు జో కోర్ట్నీ పలుమార్లు ప్రవేశపెట్టారు. ఓటున్న తెలుగువారు తమ సభ్యుడికి ఫోను చేసి దాన్ని సమర్థించమని అడగాలి. మన సంఘాల వాళ్లు ఉత్సవాల్లో నగల దుకాణాల పక్కన ఒక్క బల్ల వేసి, ఈ కాగితం ఎలా ఉంటుందో పెద్దవాళ్లకు చూపించినా చాలు.

మెడికేర్ ఉన్న తల్లినో తండ్రినో ఆసుపత్రికి తీసుకెళ్లినవారు మొదటి సాయంత్రమే అడగండి: ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా? మర్నాడు మళ్లీ అడగండి. మధ్యలో మార్చేస్తారు.

ఇట్లు
ఒక పాఠకుడు
ఎడిసన్, న్యూజెర్సీ