ఎండన్నారు, వానన్నారు... మాట మారిందని మాత్రం చెప్పలేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మాది జగిత్యాల జిల్లా. రెండున్నర ఎకరాల్లో యాసంగి వరి, ఇంకో ఎకరంలో పసుపు వేసే రైతును. ఇరవై ఏళ్లుగా మీ పత్రిక చదువుతున్నాను. పొద్దున పేపర్ రాగానే ముందు వాతావరణం వార్త చూసి, ఆ తర్వాతే మిగతా పేజీలు తిప్పుతాను. ఈ ఉత్తరం ఆ వార్త గురించే.

మొన్న సోమవారం మొదటి పేజీలో 'మరో మూడు రోజులు భగభగలే' అని వేశారు. పక్కన ముఖానికి చున్నీ కట్టుకుని స్కూటీ మీద పోతున్న అమ్మాయిల ఫొటో. ఏటా వచ్చే ఫొటోనే, దానికేమీ అనను. పట్నంలో ఉన్నవాళ్లకు అది బెంగపడే వార్త కావచ్చు. కల్లంలో వడ్లు పోసుకుని కూర్చున్న మాకు మాత్రం అది మంచి కబురు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు, అంటే తూకం వేయరు. మిషన్‌తో కోసిన పచ్చి వడ్లు ఆ అంకెకు దిగాలంటే ఎండ ఎంత కాస్తే అంత మేలు. అందుకే ఆ వార్త చూసి కుప్ప మొత్తం పలచగా నేర్పేశాను, అంటే పరిచి ఆరబోశాను. మంగళవారం సాయంత్రం తేమ మిషన్ 16.5 చూపించింది. గన్నీ సంచులు అయిపోయాయి, రేపు రమ్మన్నారు.

ఆ రేపు ఎలా గడిచిందో చెప్తాను.

బుధవారం మూడు గంటల దాకా చెప్పు లేకుండా కాలు కింద పెట్టలేనంత ఎండ. మూడున్నరకు పడమర దిక్కున మబ్బు లేచింది. దాని అడుగు నల్లగా, పైభాగం గోబీపువ్వులా తెల్లగా ఉంది. ముందు గాలి ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా దుమారం. కేంద్రంలో మా వడ్ల కుప్పలు ఇరవై దాకా ఉంటే పరదాలు ఆరే ఉన్నాయి. ఒక పరదా కొస పట్టుకుని నేను, ఇంకో కొస పట్టుకుని మా ఊరి కాక లాగుతున్నాం. గాలి ఆ పరదాను తెరచాపలా పైకి లేపుతోంది. డెబ్బై ఏళ్ల మనిషి, ఇంకేం చేయలేక దాని మీద బోర్లా పడుకున్నాడు. ఆయన వీపు మీద వడగండ్ల రాళ్లు పడుతున్నాయి. పడ్డది పావుగంటే. కానీ కేంద్రం నేల వాలుగా ఉంటుంది. పైన కప్పినా నీళ్లు కింది నుంచి పారి కుప్ప అడుగున చేరాయి. మరునాడు పొద్దున చెయ్యి పెట్టి చూస్తే అడుగున వడ్లు వెచ్చగా తగిలాయి. మూడో రోజుకు తెల్లటి మొలక ముక్కులు కనిపించాయి. తేమ 22. మళ్లీ మొదటికొచ్చాం.

తడిసిన బట్టలతో అంగడి షెడ్డు కింద నిలబడ్డప్పుడు కాక నన్నడిగాడు: "ఏంది తమ్మీ, మొన్న ఎండన్నరు, ఇయ్యాల వాన కొట్టింది. వాళ్ల మాటకంటే ఉగాది నాడు అయ్యగారు చదివిన పంచాంగమే నయం గదా?"

నవ్వొచ్చింది గానీ, ఆయన మాటతో నేను ఏకీభవించను. ఇంటికొచ్చి ఫోన్‌లో పాత మెసేజ్‌లు వెతికాను. వాతావరణ శాఖ సోమవారం చెప్పిన మాట మంగళవారం మధ్యాహ్నానికే మారిపోయింది. మా జిల్లాకు ఎల్లో అలర్ట్ ఇచ్చారు. ఉరుములు, మెరుపులు, గంటకు 40 నుంచి 50 కిలోమీటర్ల ఈదురుగాలులతో ఒకటి రెండు చోట్ల వాన. వాళ్లు చెప్పారు. నా కల్లం దాకా అది రాలేదు.

మీ బుధవారం పేపర్ మళ్లీ తీసి చూశాను. ఆ వార్త ఉంది. జిల్లా పేజీలో, పెళ్లి ప్రకటన కింద, నాలుగు లైన్లలో. 'అక్కడక్కడ తేలికపాటి జల్లులు కురిసే అవకాశం' అని. మొదటి పేజీలో మాత్రం ఇంకా వడగాడ్పుల కథే. సోమవారం చెప్పింది మారిందనే మాట ఎక్కడా లేదు.

అంచనా మారడం తప్పు కాదు. ఈ కాలంలో మారకపోతేనే విచిత్రం. మార్చి, ఏప్రిల్ నెలల్లో విదర్భ నుంచి కర్ణాటక మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి, అంటే గాలి పీడనం తగ్గిన పొడవాటి పట్టీ, తరచూ ఏర్పడుతుంది. బంగాళాఖాతం నుంచి తేమ గాలి ఇటు వస్తుంది. వాయవ్యం వైపు నుంచి పొడిగాలి వచ్చి దానికి ఎదురవుతుంది. వాటి కింద మన నేల పెనంలా కాలి ఉంటుంది. ఆ వేడికి తేమ గాలి పైకి ఎగదన్ని, గంటా రెండు గంటల్లో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు మబ్బు తయారవుతుంది. రాళ్లు పుట్టేది అందులోనే. అంటే ఆ వానకు వంటచెరుకు ఆ ఎండే. తేమ అందిన రోజున ఎండ ఎంత ముదిరితే వాన అంత గట్టిగా కొడుతుంది. ఒకే రోజు ఎండ హెచ్చరిక, వాన హెచ్చరిక రెండూ వస్తే జనం నవ్వుకుంటారు గానీ రెండూ నిజమే కావచ్చు. ఆ మబ్బు ఏ ఊరి మీద పగులుతుందో ముందు రోజు ఎవరూ చెప్పలేరు. రాడార్ చూసి రెండు మూడు గంటల ముందు మాత్రం చెప్పగలరు. ఆ మూడు గంటల హెచ్చరికలు వాతావరణ శాఖ ఇస్తూనే ఉంది.

ఇక మాటల సంగతి. బులెటిన్‌లో 'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'చాలా చోట్ల', 'దాదాపు అన్ని చోట్ల' అని నాలుగు రకాలుగా రాస్తారు. ఊరికే రాసినవి కావవి. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతు లోపు చోట్ల పడేటట్టుంటే ఒకటి రెండు చోట్ల, సగం లోపైతే కొన్ని చోట్ల, ముప్పావు దాకా అయితే చాలా చోట్ల. ఆపైన అన్ని చోట్లా. ఇంత లెక్కతో వచ్చిన మాటను మీ డెస్కు మీద 'అక్కడక్కడ' అని మార్చేస్తే ఆ లెక్క అక్కడే పోతుంది. సగం జిల్లా తడిసే రోజుకూ అక్కడక్కడే, మూడు ఊళ్లలో చినుకు పడే రోజుకూ అక్కడక్కడే.

'తేలికపాటి' అన్న మాటయితే మమ్మల్ని నిలువునా ముంచుతుంది. శాఖ లెక్కలో 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా పడితే అది తేలికపాటి వాన. చెరువుకు అది తేలికే. నాటేసిన మడికి అసలు లెక్కే కాదు. కానీ నేర్పిన వడ్ల మీద 10 మిల్లీమీటర్లు పడితే పది రోజుల కష్టం మట్టి. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు మీద పడితే రంగు పోతుంది, రంగు పోయిన కొమ్మును నిజామాబాద్ మార్కెట్‌లో ఎవరూ మొహం పెట్టి చూడరు. మామిడికైతే వాన కూడా అక్కర్లేదు, ఆ గాలి చాలు. 'అశ్వని కురిస్తే అంతా నష్టం' అని మా పెద్దలు ఊరికే అనలేదు. ఇప్పుడు నడుస్తున్నది ఆ కార్తే. ఈ నెలన్నర మీరు 'తేలికపాటి' అని రాసిన ప్రతిసారీ పక్కనే 'కల్లాల్లో వడ్లు, పసుపు ఉన్నవాళ్లు కప్పుకోవాలి' అని ఒక్క ముక్క వేయండి. ఎంత చోటు పడుతుంది?

ఇంకొకటి, వార్త మీద వాతావరణ శాఖ ఆ బులెటిన్ ఎన్ని గంటలకు ఇచ్చిందో వేయండి. సాయంత్రం మీ పేజీ కట్టేసరికి చేతిలో ఉన్నది మధ్యాహ్నం మాటా, పొద్దుటి మాటా అన్నది చదివేవాడికి తెలియాలి. బంగారం ధర కింద టైము వేస్తారు. వాన కింద ఎందుకు వేయరు? నిన్న చెప్పింది ఇవాళ మారితే, మారిందన్న మాటనే హెడ్డింగ్‌గా పెట్టండి. 'భగభగలే' అన్నంత పెద్ద అక్షరాల్లో. సిగ్గుపడాల్సిన పని కాదది.

పేపర్‌ను అని ఊరుకుంటే న్యాయం కాదు. పొద్దున అచ్చయ్యే పేపర్ మధ్యాహ్నం మూడున్నర మబ్బును పట్టుకోలేదు. దానికి ఫోన్ ఉంది. రాడార్ చూసి ముందుగా ఇచ్చే ఆ మూడు గంటల హెచ్చరిక బుధవారం మా వాట్సాప్ గ్రూపులో పడ్డది 4.50కి. అప్పటికి రాళ్లు కరిగి నీళ్లయ్యాయి. అది ఎవరి చేతిలో ఎంతసేపు ఆగిందో నాకు తెలియదు. ఒకరు ఇంకొకరికి, వాళ్లు మండలం గ్రూపుకు, అక్కడి నుంచి ఊరి గ్రూపుకు పంపి ఉంటారు. పిడుగులకు దామిని యాప్ ఉంది, నా ఫోన్‌లోనూ ఉంది. కానీ కాక దగ్గర ఉన్నది బటన్ల ఫోన్. హమాలీల్లో సగం మందిదీ అదే.

మా పంచాయతీకి మైకు ఉంది. ఇంటి పన్ను కట్టాలంటే అది పొద్దున ఆరుకే మొదలవుతుంది. కరెంటు కట్ అవుతుందని చెప్తుంది, ఎవరిదో బర్రె తప్పిపోయిందనీ చెప్తుంది. 'గంటలో గాలివాన ఉంది, వడ్లు కప్పుకోండి' అని ఇంతవరకు ఒక్కసారీ చెప్పలేదు. చెప్పొద్దని ఎవరూ అనలేదు, అది తన పనేనని ఎవరికీ అనిపించలేదు, అంతే. జిల్లా అధికారులు కొనుగోలు కేంద్రం నిర్వాహకుల నంబర్లు, పంచాయతీ కార్యదర్శుల నంబర్లు తీసుకుని, ఆ మూడు గంటల హెచ్చరిక నేరుగా వాళ్లకు వెళ్లేటట్టు చూస్తే చాలు. దానికి కొత్త పథకం పేరు పెట్టక్కర్లేదు, ఫ్లెక్సీ కట్టక్కర్లేదు. ఎటొచ్చీ పరదాలు మాత్రం కొనాలి. హెచ్చరిక గంట ముందు వచ్చినా ఇరవై కుప్పలకు ఆరు పరదాలైతే గంటసేపు కొట్టుకోవడమే అవుతుంది.

2023 మార్చిలో రాళ్ల వానలకు పంటలు పోయినప్పుడు అప్పటి ముఖ్యమంత్రి స్వయంగా పొలాలు చూసి ఎకరానికి 10 వేలు ప్రకటించారు. కాదనను, మంచి పనే. కానీ అది చేలో, తోటలో నిలబడ్డ పంటకు. 33 శాతం పైన దెబ్బతింటే రాసుకునే లెక్క. కోసి, నేర్పి, తేమ కూడా దిగి, సంచుల కోసం ఎదురుచూస్తూ తడిసిన కుప్పను ఏ కాగితంలో రాయాలో మొన్న వచ్చిన అధికారులకు తోచలేదు. ఫొటో తీసుకుని పోయారు.

కాక వీపు మీద నల్లటి మచ్చలు ఇంకా తగ్గలేదు. ఆయన వడ్లు ఇంకా కాంటా కాలేదు. నావీ కాలేదు, నిన్నటికి తేమ 18.

ఇది రాస్తుండగానే ఫోన్‌లో ఎల్లో అలర్ట్ అని ఇంకొకటి వచ్చింది. మా జిల్లా పేరుంది. ఏ రోజుదో, ఎన్ని గంటలకు ఇచ్చిందో మాత్రం లేదు. బయట చూస్తే ఎండ మాడుస్తోంది. పక్కింటి వాళ్ల పరదా అడిగి తీసుకుని కేంద్రానికి పోతున్నాను.

ఇట్లు,
ఒక యాసంగి రైతు,
జగిత్యాల జిల్లా