లాడ్జి వైద్యం కన్నా ముందు సుగర్ పరీక్ష

సంపాదకులకు,

శ్రీకాకుళం, ఆమదాలవలస గోడల మీద 'నరాల బలహీనత' పోస్టర్లు చూసి లాడ్జీల్లో మందులు కొంటున్న కుర్రాళ్ల కోసం ఈ ఉత్తరం. అశ్లీల వీడియోలు చూస్తే నరాలు చచ్చిపోతాయన్నది అబద్ధం. జరిగేది వేరు. వేలు జరిపినప్పుడల్లా కొత్త దృశ్యం. కొందరిలో ఆ వేగం, ఆ కొత్తదనం ఉంటేనే ఉద్రేకం కలిగే అలవాటు పడొచ్చు. అప్పుడు భార్య దగ్గర అంగస్తంభన తగ్గొచ్చు, భయం తోడైతే మరీ తగ్గొచ్చు. 2014లో బెర్లిన్ పరిశోధకులు 64 మంది పురుషుల మెదళ్లు స్కాన్ చేస్తే, ఎక్కువ గంటలు చూసేవారిలో సంతోషానికి, అలవాట్లకు సంబంధించిన కాడేట్ అనే మెదడు భాగంలో బూడిద పదార్థం (నరకణాలుండే పొర) తక్కువగా కనిపించింది. ఏది కారణమో, ఏది ఫలితమో మాత్రం తేలలేదు.

తెల్లవారుజామున స్తంభన మామూలుగా ఉంటే చిక్కు ఎక్కువగా మనసుదే. అదీ లేకపోతే సుగర్, బీపీ, కొలెస్ట్రాల్, ఉదయం పూట టెస్టోస్టిరాన్ చూపించుకోవాలి. స్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర సొంతంగా కొని మింగొద్దు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవారు దాన్ని మింగితే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది.

ఈ వీడియోలు చూడటం ఆపుకోలేక ఆరు నెలలకు పైగా చదువు, పని దెబ్బతింటుంటే సిగ్గుపడకండి, చికిత్స ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఉచితంగా తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరును జిల్లా అధికారులు జూనియర్ కళాశాలల నోటీసు బోర్డుల మీద వెంటనే అతికించాలి.

— కొందరు వైద్యులు, శ్రీకాకుళం